కాసిని పౌండ్ల బరువు... ఒక నిండు ప్రాణం!

సినిమాలో కారు రేసు వచ్చిందంటే మన కళ్ళు ఎక్కడుంటాయి? హీరో మొహం మీద! అతను పళ్ళు బిగించాడా, చెమట తుడుచుకున్నాడా, గ్యాలరీలో హీరోయిన్ చేతులు జోడించి దేవుణ్ణి తలుచుకుందా - ఇవే చూస్తాం. పాపం, ఆ కారు మొహం చూసేవాళ్ళెవరు?

అయితే కాలం మారింది లెండి. 2025 జూన్‌లో బ్రాడ్ పిట్ నటించిన ‘ఎఫ్1’ విడుదలైన దగ్గర్నించీ కుర్రకారు నన్నడిగే ప్రశ్నల వరసే మారిపోయింది. ‘హీరో పారితోషికం ఎంత?’ అనేవాళ్ళు కాస్తా ఇప్పుడు, ‘ఆ కారు చక్రాలు అలా బయటికి తన్నుకొచ్చాయేమిటండీ? పైన మడ్‌గార్డులు తొడిగితే వాళ్ళ సొమ్మేం పోయింది?’ అంటున్నారు. ‘డ్రైవరు తల మీద ఆ నల్లటి కమ్మీ ఏమిటి? మొహం సరిగ్గా కనిపించి చావదు!’ అని మరికొందరి గోల.

మంచి ప్రశ్నలే! మొదటిదానికి జవాబు సరదాగా ఉంటుంది. రెండోదానికి మాత్రం కాస్త గుండె దిటవు చేసుకోవాలి. రెండూ చెబుతాను, వినండి.

కార్లకూ డూపులున్నాయి!

ముందు తెర మీది రహస్యం. ‘ఎఫ్1’లో బ్రాడ్ పిట్ నడిపింది అసలు ఫార్ములా వన్ కారు కాదు. దాని తమ్ముడిలాంటి ఫార్ములా టూ కారు. మెర్సిడిస్ జట్టు ఇంజనీర్ల సాయంతో దానికి అన్నగారి వేషం కట్టారు. దర్శకుడు జోసెఫ్ కొసిన్‌స్కీ కొత్తగా కనిపెట్టిన కిటుకేమీ కాదిది. 1966లో జాన్ ఫ్రాంకెన్‌హైమర్ తీసిన ‘గ్రాన్ ప్రీ’ చిత్రంలోనూ ఫార్ములా త్రీ కార్లకు మేకప్ వేసి నడిపించారు. పరిగెత్తే కార్లకే కెమెరాలు బిగించి తీసిన ఆ చిత్రానికి ఎడిటింగ్, శబ్దగ్రహణం, సౌండ్ ఎఫెక్ట్స్ - మూడింటికీ ఆస్కార్లు వచ్చాయి.

మరి డూపులెందుకు? అసలు కారుతో షూటింగంటే మాటలా! తాళం చెవి తిప్పితే ‘బుర్రు’మనే రకం కాదది. ఇంజనులోకి వెళ్ళే నీళ్ళూ, ఆయిలూ ముందే వెచ్చచెయ్యాలి. కంప్యూటర్లు తగిలించుకుని ఓ దండు ఇంజనీర్లు చుట్టూ చేరాలి. అప్పుడుగానీ అమ్మవారు కళ్ళు తెరవదు!

ఇంతకీ ఆ ఇంజను ఎంతుంటుందనుకున్నారు? 2014 నుంచీ 1.6 లీటర్లే! మన పాత మారుతీ 800 ఇంజన్లు రెండు కలిపితే అంతే అవుతుంది. ఆ రెండు మారుతీలూ కలిసి 75 గుర్రాల బలం కూడా ఇవ్వలేవు. ఇదేమో టర్బో, విద్యుత్ మోటారు తోడుగా సుమారు 1000 గుర్రాల బలం ఇస్తుంది!

గాలితో పేచీ

ఇక చక్రాల సంగతి. ‘ఫార్ములా’ అంటే మరేం కాదు, నిబంధనల పట్టిక. చక్రాలు బయటే ఉండాలి, డ్రైవరు ఒక్కడే కూర్చోవాలి, తల పైన టాపు ఉండకూడదు అని ఆ పట్టిక చెబుతుంది. తొలినాటి రేసు కార్లకు బరువు తగ్గించడం కోసం మడ్‌గార్డులు పీకేసేవారు. ఆ అలవాటే చివరికి కులాచారమై కూర్చుంది.

కానీ ఆ ఆచారం డిజైనరు ప్రాణానికొచ్చింది. బస్సు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూడండి. 60 కిలోమీటర్ల వేగానికే గాలి చేతిని వెనక్కి తోస్తుంది. రేసు కారు పోయేది 300 పైన! అంతేనా? దొర్లే చక్రంలో ఒక విచిత్రముంది. నేలను తాకే భాగం ఆ క్షణాన కదలదు. పైభాగం మాత్రం కారుకు రెట్టింపు వేగంతో ముందుకు దూసుకుపోతుంది. అంటే కారు 300తో పోతుంటే, టైరు నెత్తి 600తో గాలిని ఢీకొంటోందన్నమాట! అలాంటి టైర్లు నాలుగు.

ఈ బాధ పడలేక 1976లో టిరెల్ జట్టు డిజైనరు డెరెక్ గార్డనర్ ఏం చేశాడో తెలుసా? ముందు రెండు పెద్ద చక్రాలు తీసేసి, వాటి చోట నాలుగు బుల్లి చక్రాలు పెట్టాడు. ఆరు చక్రాల కారు! చూసినవాళ్ళు నవ్వారు. ఆ ఏడాది స్వీడన్ రేసులో అదే మొదటి స్థానమూ, రెండో స్థానమూ కొట్టేసింది. నవ్విన నాపచేనే పండిందన్నమాట!

తల్లకిందుల విమానం

గాలి అడ్డం పడుతుందని ఏడుస్తూ కూర్చుంటే ఎలా? దానిచేతే ఊడిగం చేయించుకుంటే? ఈ ఆలోచన 1968లో ఫార్ములా వన్ కార్లకు రెక్కలు తొడిగింది.

విమానం రెక్క గాలిలో పైకి లేస్తుంది. దాన్నే బోర్లా తిప్పి కారుకు బిగిస్తే, గాలి కారును నేలకేసి నొక్కుతుంది. టైరు పట్టు పెరుగుతుంది. మలుపులో జారకుండా వేగంగా తిరగొచ్చు. ‘దానికి రెక్కలెందుకు, నాలుగు సిమెంటు బస్తాలు పడేస్తే చాలదా?’ అనకండి. బస్తా పట్టు పెంచుతుంది నిజమే, కానీ ఆ బస్తాను కూడా మలుపు తిప్పాలి కదా! గాలి మాత్రం నొక్కుతుందే గానీ తూకానికెక్కదు. బరువు లేని బరువు అది!

ఈ తూకం విద్యలో ఆరితేరినవాడు కాలిన్ చాప్‌మన్. ఇంగ్లండులో లోటస్ కంపెనీ పెట్టిన మొనగాడు. కారు బరువు తగ్గితే ముందుకు ఉరకడంలో లాభం, బ్రేకు వేయడంలో లాభం, మలుపులోనూ లాభం - ఇదీ ఆయన మూలమంత్రం. 1962లో లోటస్ 25 కారుకు గొట్టాల చట్రం తీసేసి, కోడిగుడ్డు పెంకులాగా పైతొడుగే బరువు మోసేట్టు చేశాడు. అందులో డ్రైవరు దాదాపు పడుకుని నడపాలి. 1967లో లోటస్ 49 వచ్చింది. డ్రైవరు వెనక చట్రమే లేదు! ఇంజనునే వీపుకి బిగించేశాడు. వెనక చక్రాల భారమంతా ఆ ఇంజనే మొయ్యాలి. కాస్‌వర్త్ వాళ్ళ 3 లీటర్ల ఇంజనుతో ఆ కారు బరిలోకి దిగిన మొదటి రేసే గెలిచింది. నడిపినవాడు జిమ్ క్లార్క్.

చాప్‌మన్ కారులో ఏ ముక్కా ఊరికే కూర్చోకూడదు. ఒక్కో ముక్క రెండేసి పనులు చెయ్యాలి. పని లేని గ్రాము కారులో ఉండకూడదు. కంసాలి కూడా అంత నిక్కచ్చిగా తూచడు!

ఎటొచ్చీ... కంసాలి తూకంలో అర గ్రాము తేడా వస్తే డబ్బు పోతుంది. చాప్‌మన్ తూకంలో తేడా వస్తే?

ఒక ఉత్తరం

1969 మే 4. బార్సిలోనాలో మోంజుయిక్ కొండ మీద స్పానిష్ గ్రాన్ ప్రీ. లోటస్ కార్ల రెక్కలు అప్పుడు మనిషెత్తున, సన్నటి కమ్మీల మీద నిలబడి ఉండేవి. రేసు మధ్యలో గ్రహమ్ హిల్ కారు రెక్క పుటుక్కున విరిగింది. కారు గోడకు కొట్టుకుంది. మరికొన్ని చుట్లు తిరిగేసరికి అదే జట్టులో జోకెన్ రింట్ కారుకూ అదే గతి! హిల్ క్షేమంగా బయటపడ్డాడు. రింట్ గాయపడ్డాడు. ఆ నెలలోనే మొనాకోలో పొడుగు రెక్కలను నిషేధించారు.

కొద్ది రోజులకే రింట్ తన యజమాని చాప్‌మన్‌కి ఉత్తరం రాశాడు. దాని సారాంశం ఇది: మీ కార్లు ఎంత వేగమైనవంటే, బలహీనంగా ఉన్న భాగాలను గట్టిపరచడానికి కాసిని పౌండ్ల బరువు పెంచినా మనం వెనకబడం. నమ్మకమున్న కారునే నేను నడపగలను. ఆ నమ్మకం పోయే రోజు ఎంతో దూరంలో లేదు.

గమనించారా? జీతం పెంచమనలేదు. ఇంకా వేగం కావాలనలేదు. కాసిని పౌండ్లు అడిగాడంతే!

1970లో చాప్‌మన్ లోటస్ 72 తెచ్చాడు. గొడ్డలి మొనలాంటి ముక్కు. రేడియేటర్లు పక్కలకు జరిగాయి. ముందు బ్రేకులు కూడా చక్రాల దగ్గర్నించి కారు లోపలికి వచ్చేశాయి - చక్రం తేలికైతే గతుకుల మీద టైరు నేలను వదలదని! బ్రేకుకీ చక్రానికీ మధ్య సంబంధం ఒక్క ఇరుసు కడ్డీయే. ఆ ఏడాది రింట్ ఐదు రేసులు గెలిచాడు. ప్రపంచ కిరీటం చేతికందే దూరానికొచ్చింది.

సెప్టెంబరు 5. ఇటలీలో మోంజా. ప్రాక్టీసు జరుగుతోంది. మోంజా అంటే తిన్నటి రోడ్లు, విపరీతమైన వేగం. గాలి అడ్డు తగ్గాలని కారు రెక్కలు తీసేసి నడుపుతున్నాడు రింట్. చివరి మలుపు ముందు బ్రేకు నొక్కాడు. కారు ఎడమకు గుంజుకుపోయి అడ్డుకమ్మీకి కొట్టుకుంది. ముందు బ్రేకు కడ్డీ విరిగిందనీ, పక్కనున్న అడ్డుకమ్మీ కూడా సరిగ్గా బిగించి లేదనీ తర్వాత తేలింది. రింట్‌కి అప్పటికి 28 ఏళ్ళు.

మిగిలిన రేసుల్లో అతని పాయింట్లను ఎవరూ దాటలేకపోయారు. చనిపోయాక ప్రపంచ విజేత అయినవాడు ఫార్ములా వన్ చరిత్రలో ఈనాటికీ అతనొక్కడే. కప్పును భార్య నీనా అందుకుంది.

నేలకు అతుక్కునే మంత్రం

కథ ఇక్కడ ఆగలేదు. చాప్‌మన్ మనుషులు మళ్ళీ గాలి మీద పడ్డారు. ఇంజనీరు పీటర్ రైట్ బృందం గాలి సొరంగంలో ఓ బొమ్మ కారును పరీక్షిస్తోంది. లెక్కలు ఒకసారి వచ్చినట్టు ఇంకోసారి రావడం లేదు. ఏమిటా అని చూస్తే, ఆ బొమ్మ పక్కభాగాలు గాలివేగానికి కిందికి వంగి నేలకు దగ్గరవుతున్నాయి. అలా దగ్గరైనప్పుడల్లా కారును నేలకు లాగే శక్తి అమాంతం పెరుగుతోంది! వెంటనే అట్టముక్కలు తెచ్చి ఆ సందులు మూసి చూశారు. అంతే, నిధి దొరికింది!

మీరూ ఇంట్లో చేసి చూడండి. రెండు కాగితాలు ఎదురెదురుగా వేలాడేట్టు పట్టుకుని వాటి మధ్య ఊదండి. విడిపోతాయనుకుంటారు. కానీ దగ్గరికొస్తాయి! వేగంగా పారే గాలిలో ఒత్తిడి తక్కువ. కారు అడుగున సన్నటి సందు చేసి గాలిని పరుగెత్తిస్తే, అక్కడ ఒత్తిడి తగ్గి కారు నేలకు అతుక్కుంటుంది. ఈ సూత్రంతోనే 1977లో లోటస్ 78, 1978లో లోటస్ 79 వచ్చాయి. అదే ఏడాది బ్రాభమ్ డిజైనరు గోర్డన్ మర్రే ఇంకో ఆకు ఎక్కువ చదివి, కారు వెనక పెద్ద ఫ్యాను పెట్టి కింది గాలినంతా లాగేయించాడు. ఆ కారులో నికీ లౌడా స్వీడన్ రేసు గెలిచాడు. ఒకే రేసు! గోల లేచి ఫ్యాను కారు ఇంటికెళ్ళిపోయింది. 2013లో వచ్చిన ‘రష్’ చూసినవాళ్ళకి ఈ లౌడా బాగా తెలుసు. 1976లో మంటల్లో కాలి, ఆరు వారాల్లో మళ్ళీ స్టీరింగ్ పట్టిన మొండి మనిషి!

1978 ప్రపంచ విజేత లోటస్ డ్రైవరు మారియో ఆండ్రెట్టీ. ఆ సంగతి ఖాయమైంది ఎక్కడనుకున్నారు? మోంజాలోనే. అదే రేసు మొదట్లో కార్లు గుద్దుకుని అతని సహచరుడు రోనీ పీటర్సన్ కాళ్ళు నుజ్జయ్యాయి. కొత్త కారు ప్రాక్టీసులో దెబ్బతినడంతో ఆ రోజు అతను పాత లోటస్ 78 నడపాల్సొచ్చింది. మర్నాడు కన్నుమూశాడు. ఒకే జట్టు. ఒకరికి కిరీటం, ఒకరికి పాడె!

బొగ్గునారతో కోట

బరువు తగ్గితే బలం తగ్గుతుందని ఇన్నాళ్ళూ అందరూ అనుకున్నారు కదా! మెక్‌లారెన్ డిజైనరు జాన్ బర్నార్డ్ ఆ లెక్క తిరగరాశాడు.

నిజానికి ఆయనకు కావలసింది వేగమే. కారు అడుగున గాలి సొరంగాలకు చోటు పెరగాలంటే డ్రైవరు కూర్చునే తొట్టి సన్నబడాలి. అల్యూమినియంతో అంత సన్నగా చేస్తే తొట్టి మెలి తిరుగుతుంది. అందుకని కార్బన్ ఫైబర్ పట్టుకున్నాడు. కార్బన్ నారతో నేసిన గుడ్డను జిగురులో తడిపి, పొర మీద పొర వేసి, పెద్ద ప్రెషర్ కుక్కర్‌లాంటి కొలిమిలో ఉడకబెడితే లోహం కన్నా తేలికై, గట్టిదై కూర్చుంటుంది. అలా 1981లో తయారైంది మెక్‌లారెన్ ఎంపీ4/1.

‘గుద్దుకుంటే గాజులా పిండైపోతుంది’ అని పెదవి విరిచారు కొందరు. పరీక్ష అదే ఏడాది వచ్చింది. మళ్ళీ మోంజాలోనే! జాన్ వాట్సన్ కారు అడ్డుకమ్మీకి కొట్టుకుని, ఇంజను ఊడి దూరంగా దొర్లిపోయింది. జనం నోళ్ళు తెరిచారు. వాట్సన్ కార్బన్ తొట్టిలోంచి లేచి, నడుచుకుంటూ వెళ్ళిపోయాడు!

వేగం కోసం తవ్విన చోట ప్రాణరక్షణ దొరికింది. ఆ తర్వాత అన్ని జట్లూ ఆ దారే పట్టాయి.

అయినా ఒక చోటు మిగిలిపోయింది. డ్రైవరు తల! 1994 మే 1న ఇమోలాలో అయిర్టన్ సెన్నా కారు గోడకు కొట్టుకున్నప్పుడు తొట్టి నిలిచింది. కానీ ఊడిన ముందు చక్రం తాలూకు భాగాలు తలకు తగిలి అతన్ని తీసుకుపోయాయి. 2009లో ఇంగ్లండులో ఒక ఫార్ములా టూ రేసులో మరో కారు నుంచి ఊడిన చక్రం తలకు తగిలి హెన్రీ సర్టీస్ అనే కుర్రాడు చనిపోయాడు. అతనికి 18 ఏళ్ళు. చూశారా, ‘చక్రాలు బయటికెందుకున్నాయి?’ అన్న సరదా ప్రశ్న ఎక్కడికి తెచ్చి నిలబెట్టిందో!

హుస్సేన్ సాగర్ ఒడ్డున

2023 ఫిబ్రవరి 11న మన హైదరాబాదులోనే ఇలాంటి కార్లు పరుగెత్తాయి. కరెంటుతో నడిచే ఫార్ములా ఈ రేసు. ఎన్టీఆర్ మార్గ్, లుంబినీ పార్కు, సచివాలయం - రోజూ మనం స్కూటర్ల మీద తిరిగే రోడ్లే ఆనాడు రేసు బాటలయ్యాయి. గెలిచినవాడు ఫ్రాన్స్‌కి చెందిన జాన్ ఎరిక్ వెర్న్. 2024లో జరగాల్సిన రెండో రేసు రద్దయింది గానీ, ఆ మొదటిది చూసిన నా కళ్ళు ధన్యం!

పెట్రోలు మోత లేదు. ఈల వేసినట్టు ‘కుయ్’మంటూ పోయాయి. ఆ కార్లకు వెనక చక్రాలకు మామూలు బ్రేకులు ఉండవు. మోటారే తిరగబడి కారును ఆపుతుంది, ఆపుతూనే బ్యాటరీ నింపుతుంది. నేను మాత్రం ఒకటే చూస్తూ నిలబడ్డాను. ప్రతి డ్రైవరు తల చుట్టూ, మీలో కొందరు తిట్టుకుంటున్న ఆ నల్లటి కమ్మీ! దాని పేరు ‘హేలో’.

2018లో దాన్ని ఫార్ములా వన్‌లో తప్పనిసరి చేశారు. టైటానియంతో చేసిన కమ్మీ. బరువు సుమారు 7 కిలోలు. సుమారు 12 టన్నుల భారం మీద పడ్డా వంగకూడదని షరతు. వచ్చిన కొత్తలో ఎంత వెక్కిరించారనీ! హవాయి చెప్పు పట్టీలా ఉందన్నారు. కారు అందం చెడిందన్నారు. డ్రైవర్లలోనే కొందరు వద్దన్నారు. వాళ్ళలో ఒకడు రొమాయ్ గ్రోజాన్.

2020 నవంబరు 29. బహ్రెయిన్ రేసు మొదటి చుట్టు. గ్రోజాన్ కారు 192 కిలోమీటర్ల వేగంతో ఇనుప అడ్డుకమ్మీలోకి దూసుకుపోయింది. అతని ఒంటి మీద పడ్డ దెబ్బ 67 జీ - అంటే క్షణకాలం తన బరువుకు 67 రెట్లు! కారు రెండు ముక్కలైంది. పెద్ద మంట లేచింది. టీవీల ముందు కోట్లమంది ఊపిరి బిగబట్టారు. 27 సెకన్లు... మంటల్లోంచి మనిషి బయటికొచ్చాడు! చీల్చుకుని దూరిన ఇనుప కమ్మీకీ అతని తలకూ మధ్య నిలబడింది ఆ హేలోయే. అది లేకపోతే ఈ రోజు తాను మాట్లాడేవాణ్ణి కానని ఆస్పత్రి మంచం మీంచి గ్రోజానే ఒప్పుకున్నాడు.

మరుసటేడు సెప్టెంబరులో, అదే మోంజాలో, మాక్స్ వెర్‌స్టాపెన్ కారు గాల్లోకి లేచి లూయిస్ హామిల్టన్ కారు మీదెక్కింది. దొర్లే వెనక చక్రం తల మీదికొచ్చింది. హేలో ఆపింది. హామిల్టన్ బతికి బట్టకట్టాడు. ‘ఎఫ్1’ నిర్మాతల్లో ఒకడు ఆ హామిల్టనే సుమండీ!

7 కిలోలంటే సుమారు 15 పౌండ్లు. ఆ కమ్మీ వల్ల కారు వేగం రవ్వంత కూడా పెరగదు. చాప్‌మన్ తూకంలో అది ‘పని లేని బరువు’. కానీ జోకెన్ రింట్ 1969లో అడిగింది అలాంటి బరువునే. 49 ఏళ్ళ తర్వాత ఆ ఉత్తరానికి జవాబు వచ్చింది.

కాబట్టి మిత్రులారా, ఈసారి రేసు సినిమా చూసేటప్పుడు ఆ నల్ల కమ్మీ హీరో మొహానికి అడ్డొస్తే విసుక్కోకండి. అది అక్కడుంది గనకే రేసయ్యాక హెల్మెట్ తీసి నవ్వడానికి ఆ మొహం మిగులుతోంది!